ఇంటిగుట్టు

"ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెతను మన పెద్దలు ఉగ్గుపాలతోనే నేర్పుదురు. ఇంటిలో జరిగిన మాట గడప దాటరాదు. దాటినచో లంకకు పట్టిన గతియే ఇంటికిని పట్టునని దాని భావము. అయితే ఈ సామెత చెప్పువారిలో పెక్కుమంది కథలోని తొలిసగమును మఱచిరని నాకు తోచుచున్నది. విభీషణుడు రాముని శిబిరమునకు పోవుటకు ముందు అన్నగారి కొలువులోనే నిలిచి తన మనసులోని మాట చెప్పెను. ఆ మాట వినుటకు ఆ సభలో చెవి లేకపోయెను. అతనికి దొరకినది తిరస్కారము. పిమ్మటనే గుట్టు గడప దాటినది. లంకకు చేటు తెచ్చినది గుట్టు బయటపడుటయా, లోపల వినువాడు లేకపోవుటయా? ఈ ప్రశ్నను పౌరాణికులకు విడిచిపెట్టుటకు వీలులేదు. మన యిండ్లలో పదునాఱు పదునేడేండ్ల పిల్లలున్నంతవఱకు ఇది మన ప్రశ్నయే.

2019వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీని తెలంగాణమున ఇంటర్మీడియేటు పరీక్షాఫలితములు వెలువడెను. వానిలో దొరలిన తప్పులు పలువురకు జ్ఞప్తియందుండును. తెలుగున 99 మార్కులు వచ్చిన యొక బాలికకు సున్న వచ్చినట్లు చూపిరి. పరీక్షకు కూర్చున్నవారిని గైరుహాజరుగా లెక్కించిరి. తరువాతి దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. తల్లిదండ్రులు వీధులకెక్కిరి. తుదకు ప్రభుత్వము తప్పినవారి జవాబుపత్రములను, మూడు లక్షలమందికి పైబడిన వారివానిని, రుసుము లేకయే మరల పరిశీలింపజేసెను. వారిలో వేయిమందికి పైగా ఉత్తీర్ణులని తేలెను.

ఆ వారముననే మా వీధిలో, మా యింటికి రెండిండ్ల యవతల, ఒక బాలుడు గణితమున తప్పెను. వాని తండ్రి నాకు పాతికేండ్ల మిత్రుడు. మంచివాడు, పిల్లలపై చేయిచేసికొని యెఱుగడు. ఫలితములు వచ్చిన సాయంకాలమే వారి వీధితలుపు మూతపడెను. "అబ్బాయి అమ్మమ్మగారి ఊరు వెళ్ళాడు" అని ఇరుగుపొరుగులతో చెప్పిరి. బాలుడు పెరటివైపు గదిలోనే యుండెను. మఱునాటి రాత్రి తండ్రి నన్ను రహస్యముగ పిలిపించి, "మీరు పెద్దవారు, వాడికి నాలుగు ధైర్యపు మాటలు చెప్పండి" అనెను. వెళ్ళి చెప్పితిని. నాలుగు గాదు, నాలుగువందలు చెప్పియుందును. పరీక్షలు తప్పి గొప్పవారైనవారి చరిత్రలు వల్లించితిని. జీవితము చాల పెద్దదంటిని. తల్లిదండ్రుల త్యాగమును తలచుకొమ్మంటిని. వాడు తల వంచుకొని, "సరేనండి", "అలాగేనండి" అనుచు కూర్చుండెను. గంటసేపటికి, మంచిపని యొకటి చేసితినను తృప్తితో, ఇంటికి మరలితిని. ఆ గంటలో వానిని నేను ఒక్క ప్రశ్నయైన అడుగలేదను సంగతి నాకు చాలకాలమునకు గాని స్ఫురింపలేదు.

ఆ మఱునాడు తెల్లవారుజామున వాడు ఎవ్వరికిని చెప్పక ఇల్లు వెడలి నడచెను. వీధి చివర ఇస్త్రీబండి పెట్టుకొని బ్రతుకు ముసలివాడొకడు అప్పుడే బొగ్గులు రాజేయుచుండెను. "ఏం బాబూ, నిద్ర పట్టలేదా?" అని యడిగెనట. బాలుడు బండిప్రక్కనున్న రాతిపై కూర్చుండెను. తెల్లగా వెలుగు వచ్చువఱకు కూర్చుండెను. ఏమేమి చెప్పెనో నాకు తెలియదు. ఆ ముసలివాడు ఇంతవఱకు ఎవ్వరికిని చెప్పలేదు. ప్రొద్దెక్కిన పిమ్మట వానిని వెంటబెట్టుకొని యింటికి వచ్చి, తల్లితో, "అమ్మా, బాబును ఒక్కడినీ వదలకండి. డాక్టరుకు చూపించండి" అని మాత్రము చెప్పెను. తండ్రికి అప్పుడు కలిగినది కృతజ్ఞత గాదు. "మా ఇంటి సంగతి నీకెందుకు?" అనెను. ఈ మాట ఆయనయే తరువాత నాతో చెప్పి సిగ్గుపడెను.

బాలునికి చికిత్స జరిగెను. వాడిప్పుడు కుశలముగ నున్నాడు. కాని పునఃపరిశీలనమున వాడు ఉత్తీర్ణుడు కాలేదు. గణితమున నిజముగనే తప్పియుండెను. ఈ సంగతిని నేను కావలయుననియే చెప్పుచున్నాను. ఆ యేడు మనమందఱము పలికిన కోపవాక్యములను ఒకమాఱు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. "బాగా చదివే పిల్లలను తప్పించారు" అంటిమి. "ఎప్పుడూ మొదటి తరగతిలో వచ్చే పిల్లకు ఈ అన్యాయమా" అంటిమి. అన్యాయమే, సందేహము లేదు. కాని ఆ కోపములో దాగిన లెక్క యొకటి కలదు. తప్పుగా తప్పినవాని ప్రాణమునకు ఒక వెల, నిజముగ తప్పినవాని ప్రాణమునకు వేఱొక వెల యని మనము ఎఱుగకయే ఒప్పుకొంటిమి. నిజముగ తప్పిన పిల్లవాడు తన గదిలో కూర్చుండి ఆ మాటలను వినుచునే యుండెను గదా! "నేను చదవలేదు, కాబట్టి నా కొఱకు వీధికెక్కువారు లేరు" అని వాడనుకొన్నచో మనము చెప్పదగిన సమాధానమేది? ఆ సమాధానము లేనంతవఱకు మన ప్రేమకు షరతు లేదని పలుకుటకు మనకు నోరు రాదు.

ఇది యొక వీధిలోని కథ. దేశపు లెక్క యింకను పెద్దది. జాతీయ నేరనమోదు సంస్థవారి లెక్కనుబట్టి 2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. బెంగుళూరు నిమ్హాన్సు సంస్థ 2015-16లో జరిపిన జాతీయ మానసికారోగ్య పరిశీలనమున 13 మొదలు 17 ఏండ్ల వయసువారిలో నూటికి 7.3 మంది ఏదో యొక మనోవ్యాధితో బాధపడుచుండినట్లు కనబడెను. మనోవ్యాధులలో దాదాపు సగము 18వ ఏటికి లోపలనే తలచూపునని విస్తృతములైన పరిశోధనలు చెప్పుచున్నవి. అనగా ఏ వయసున మనము పిల్లలను "చదువు తప్ప మఱేమియు తలపెట్టకుడు" అందుమో, ఆ వయసుననే ఆ చదువుకొను మనసునకు కావలి యెక్కువగ అవసరము. మన దేశమున లక్షమంది జనమునకు ఒక మనోవైద్యుడైనను లేడు. కాబట్టి ఇది వైద్యులే చూచుకొనవలసిన పనియని చేతులు దులుపుకొనుట కుదరదు.

ఇక గుట్టు సంగతి. దీనిని కేవలము అజ్ఞానమని త్రోసివేయు సంస్కర్తలతో నాకు ఏకీభావము లేదు. గుట్టు దాచు తల్లి వెఱ్ఱిది గాదు. ఆమె లెక్క ఆమెకున్నది. కూతురికి రాత్రులు నిద్రపట్టదు, అన్నము సయింపదు, ఊరకయే కన్నీరు కాఱును. వైద్యుని యొద్దకు తీసికొని పోవలెనని తల్లికి తెలియును. కాని ఆ వైద్యుని గుమ్మము ముందర ఎవ్వరైన చూచినచో? మందుచీటి అత్తవారి కంటబడినచో? రేపు సంబంధము మాటలాడువారు ఎవ్వరిద్వారానో ఆరా తీసి, "ఆ పిల్లకు ఏదో ఉందటగా" అన్నచో? అందుచేత ఆమె దిష్టి తీయును, తాయెత్తు కట్టించును, కాలేజీ మాన్పించి ఇంట కూర్చుండబెట్టును. కొన్ని యిండ్లలో, పెండ్లి చేసినచో అన్నియు కుదురునని, ఆ దుఃఖమును మూటగట్టి కన్యాదానముతో కూడ ఇంకొక యింటికి పంపుదురు. మగపిల్లవాని విషయమునను ఇట్లే చేయుదురు. అచ్చట మూట విప్పవలసినది కోడలు. కందుకూరి వీరేశలింగముగారి కాలమునుండి స్త్రీల దుస్థితినిగూర్చి వ్యాసములు వ్రాయుచున్న మనము ఈ మూటను గూర్చి వ్రాసినది స్వల్పము.

ఆ తల్లి భయమునకు మూలము మన నాలుకయే. తెలంగాణమున "ఎర్రగడ్డకు పంపాలి" అనియు, కోస్తా జిల్లాలలో "విశాఖపట్నం పంపాలి" అనియు నవ్వుచు ననని యిల్లు ఏది? ఆ రెండు చోట్లను ఉన్నవి ఆసుపత్రులు. అచట వేలమంది నయమై యిండ్లకు మరలిరి. గుండెజబ్బుల ఆసుపత్రి పేరు చెప్పి ఎవ్వరిని నవ్వింపజాలము. మన హాస్యచిత్రములలో మతి చలించినవాడు కనబడగనే ప్రేక్షకులు నవ్వుటకు సిద్ధపడుదురు. ఆ చిత్రమును కుటుంబసమేతముగ చూచి, పకపక నవ్వి, ఇంటికి వచ్చిన రాత్రి, "నాన్నా, నా మనసు బాగుండటం లేదు" అని పిల్ల చెప్పుననుకొందుమా? ఆ నవ్వు ఆమె ప్రక్కనే కూర్చుండి విన్నది గదా.

కావున గుట్టును నిందించుటకు ముందు గుట్టునకును గోప్యమునకును గల భేదమును మనము గ్రహింపవలెను. రెండును మాట బయటికి పొక్కనీయవు. అయినను వాని ధర్మములు వేఱు. గుట్టు ఇంటి పేరును కాపాడును. గోప్యము బాధపడువానిని కాపాడును. గుట్టులో బాధితుని నోరు మూయుదుము. గోప్యములో విన్నవాని నోరు మూతపడును. ఇస్త్రీబండి ముసలివాడు పాటించినది గోప్యము. బాలుడు చెప్పిన సంగతులేవియు బయట పెట్టలేదు. ప్రాణమును నిలుపుటకు కావలసిన రెండుమాటలు మాత్రము, చెప్పవలసినవారికి, చెప్పెను. ప్రాణాపాయమున్న చోట గోప్యమునకును హద్దు కలదని ఏ గ్రంథమును చదువకయే అతడు గ్రహించెను. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము రోగి సంగతులు గోప్యముగ నుంచబడుట అతని హక్కని చెప్పుచున్నది. ప్రాణము తీసికొన యత్నించినవాడు తీవ్రమైన మనోవేదనలో నుండెననియే, అందుకు విరుద్ధము ఋజువగువఱకు, భావింపవలెననియు, అతనికి చికిత్సయు పునరావాసమును కల్పించుట ప్రభుత్వ బాధ్యతయనియు ఆ చట్టమే శాసించినది. వెనుకటి శిక్షాస్మృతిలో అది నేరము. 2024 జూలై 1 నుండి అమలగుచున్న భారతీయ న్యాయసంహితలో, ప్రభుత్వోద్యోగిని లొంగదీయుటకై చేయు యత్నము తప్ప, ఆ నేరమే లేదు. శాసనము ఇంతదూరము నడచినది. ఇరుగుపొరుగులమైన మనము ఇంకను గడపయొద్దనే యున్నాము.

"మనోవ్యాధికి మందు లేదు" అను ఇంకొక సామెత మనకు కలదు. నేనును ఎన్నియోమాఱులు అన్నదే. ఇది పూర్వము నిజమైయుండెనేమో గాని యిప్పుడు కాదు. క్రుంగుబాటునకు మందులును, మాటలతో చేయు చికిత్సయు కలవు. సకాలమున తగిన వైద్యము దొరకినవారిలో అధికులు కోలుకొందురు. ఆ చికిత్స అక్కఱలేనివారు, అనగా రోగము ముదరక దుఃఖములోనే యున్నవారు, ఇంకను పెక్కుమంది. వారికి కావలసినది వినువాడు.

వినుట యనగా చెవి యొగ్గి యూరకుండుట మాత్రమే యని నేననుకొనుచుంటిని. అది ఎంత కష్టమైన పనియో యత్నించినపుడు గాని తెలియలేదు. మన భాషలో "ధైర్యము చెప్పుట" యని యున్నది. "ధైర్యము వినుట" యని లేదు. దుఃఖితుని చూడగనే మనకు నోరు తెఱచుకొనును. అతడు రెండుమాటలు చెప్పకమునుపే మన మూడవమాట సిద్ధము. ఎందుకనగా అతని దుఃఖము మనకును బాధ కలిగించును. దానిని త్వరగా ఆర్పివేసి మనము తేలికపడవలెనని చూతుము. నా గంటసేపటి యుపన్యాసము ఆ బాలుని కొఱకు చేసినదే యని యిప్పుడు నేను ప్రమాణము చేయజాలను.

పిల్లల మాట వినవలసినవారు ఎవరు? తల్లిదండ్రులే యని మనము వెంటనే యందుము. ఇక్కడ నొక చిక్కు కలదు. బీహారు రాష్ట్రమున నలందా జిల్లాలోని డెబ్బదికి పైగా ఉన్నత పాఠశాలలలో జరిగిన యొక పరిశోధన ఫలితములు 2018లో ప్రకటితమయ్యెను. కొన్ని పాఠశాలలలో, వైద్యపట్టములేవియు లేని సామాన్యులకు శిక్షణ ఇచ్చి, పిల్లలతో మాటలాడు పనికి నియమించిరి. కొన్నింట అదే శిక్షణ నచటి ఉపాధ్యాయులకే యిచ్చి వారికే ఆ పని యప్పగించిరి. మఱికొన్నింట రెండును లేవు. బయటివారు పనిచేసిన చోట పాఠశాల వాతావరణము మెఱుగుపడెను. పిల్లల క్రుంగుబాటు తగ్గెను. ఒకరినొకరు హింసించుటయు తగ్గెను. ఉపాధ్యాయులకు ఆ పని యిచ్చిన చోట చెప్పుకొనదగిన మార్పు కనబడలేదు. ఉపాధ్యాయులు చెడ్డవారనుట దీని యర్థము కాదు. వారికి తీఱిక తక్కువ. అంతకంటె ముఖ్యముగ, నా యభిప్రాయమున, మార్కులు వేయు చేతికి కన్నీటిని అప్పగించుట కష్టము. ఇంటిలో తల్లిదండ్రుల స్థితియు దాదాపుగా ఇదియే. మనము ప్రేమించువారము, అయినను తీర్పరులమును మనమే. రుసుము కట్టినది మనము, ర్యాంకు అడుగునది మనము. "నీ యిష్టము వచ్చినది చదువుకో" అను తండ్రి ముఖమును పిల్లవాడు పదునాఱేండ్లుగ చదువుచున్నాడు. ఏ పాఠ్యపుస్తకమును అంత శ్రద్ధగ చదివియుండడు.

అందుచేత ప్రతి పిల్లకును, పిల్లవానికిని, తల్లిదండ్రులు గాక ఇంకొక చెవి యుండవలెను. పూర్వము మేనత్తయో, అమ్మమ్మయో, పిన్నియో ఆ చెవిగా నుండెడివారు. ఇప్పుడు అమ్మమ్మ ఊరిలో, పిన్ని అమెరికాలో, పిల్లవాడు హాస్టలులో. పాతకాలమును పొగడుట నా యుద్దేశము గాదు. "మా కాలములో దెబ్బలు తిన్నాము, ఎవరూ చావలేదు" అను పెద్దలు ఒకమాఱు పాత వార్తాపత్రికలు తిరుగవేసి చూతురు గాక. "కడుపునొప్పి తాళలేక" ప్రాణము తీసికొన్న యువతీయువకుల వార్తలు వానిలో ఎన్ని! ఆ నొప్పి కడుపులోనిది కాదని వ్రాసినవారికి తెలియును, చదివినవారికిని తెలియును. గుట్టు అచ్చులోనికి సైతము ఎక్కినది.

వినుటయందు ఒక్క భయమును మాత్రము మనము విడువవలెను. "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?" అని సూటిగా నడిగినచో, లేని యూహను మనమే పుట్టించినట్లగునని పలువురు వెఱతురు. అట్లు జరుగదని పరిశోధనలు తెలుపుచున్నవి. ఆ ప్రశ్నను దయతో, తొట్రుపాటు లేక, అడిగినపుడు పెక్కుమందికి కలుగునది ఊఱట. ఎన్నియో దినములుగ ఒంటరిగ మోయుచున్న మాటను ఇంకొకరు తామే పలికిరి గదా! అవునని జవాబు వచ్చినచో వారిని ఒంటరిగ విడువరాదు. ఆలస్యము లేక వైద్యసహాయము కొఱకు పోవలెను. 2022 అక్టోబరు 10వ తేదీని కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలిమానస్ అను సేవ యున్నది. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్ళు ఏ వేళనైన ఫోను చేయవచ్చును, తెలుగున మాటలాడువారుందురు, రుసుము లేదు. మన యిండ్లలో గ్యాసుబండ తెచ్చువాని సంఖ్య గోడపై వ్రాసియుండును. దీనిని వ్రాసిన గోడను నేను ఒక్క యింటనే చూచితిని.

ఇంతవఱకు చెప్పినది వినుటను గూర్చి. అన్ని దుఃఖములును వినుటతో తీఱవు. 2023 జూలైలో విశాఖపట్నమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు శిక్షణ పొందుచుండిన 17 ఏండ్ల బాలిక యొకతె మరణించెను. ఆమె తండ్రి వ్యాజ్యెము సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయెను. 2025 జూలై 25వ తేదీని ఆ న్యాయస్థానము దేశమందలి విద్యాలయములన్నిటికిని పదునైదు ఆదేశములు చేసెను. నూఱుగురు, అంతకు మించిన విద్యార్థులున్న ప్రతి సంస్థయు శిక్షితుడైన సలహాదారును ఒకనినైన నియమింపవలెను. సిబ్బందికి ఏటికి రెండుమాఱులైన శిక్షణ ఇప్పింపవలెను. మార్కులనుబట్టి పిల్లలను వేఱువేఱు జట్లుగ విడదీయుటయు, పదిమందిలో అవమానించుటయు మానవలెను. ఈ తుదిమాట నన్ను ఆలోచింపజేసినది. మన యింటర్మీడియేటు కళాశాలలలో ఆ విభజనమే నిత్యకృత్యము. వారాంతపు పరీక్ష తఱువాత పిల్ల ఒక సెక్షనునుండి ఇంకొక సెక్షనునకు దిగును. దానితోడనే స్నేహితురాండ్రును మాఱుదురు, పాఠము చెప్పు పంతులును మాఱును. ఉమ్మడి రాష్ట్రమున 2001లో ఆచార్య నీరదారెడ్డిగారి సంఘము, ఆంధ్రప్రదేశమున 2017లో ఆచార్య చక్రపాణిగారి సంఘము ఈ విద్యార్థుల మరణములనే విచారించినవి. నివేదికలు వచ్చినవి. "ఒకటి, ఒకటి, ఒకటి" అను ర్యాంకుల ప్రకటన మాత్రము ఆగలేదు. ఆ ప్రకటన విని మనము నవ్వుకొందుము. నవ్వుకొనుచునే అటువంటి కళాశాలలో సీటు కొఱకు, పిల్ల పదవతరగతి ముగింపకముందే, బయానా కట్టుదుము.

తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి రాత్రి పదునొకండు గంటలవఱకు కూర్చుండబెట్టి, ఆదివారమును పరీక్షకే ఇచ్చి, అప్పుడు ఆ పిల్లకు "ఒత్తిడిని జయించుట యెట్లు" అని యొక గంట యుపన్యాసము ఇప్పించుట ఎటువంటి ధర్మము? ముల్లు దిగిన కాలితో నడువుమని చెప్పి, ముల్లు తీయక, ఓర్పును గూర్చి బోధించినట్లే యున్నది. కులము పేరిట అవమానింపబడిన విద్యార్థికి సలహాదారుని చూపుటయు ఇటువంటిదే. అతని మనసులో లోపము లేదు, అవమానించినవాని నడతలో ఉన్నది. బాధ యెక్కడ పుట్టుచున్నదో విచారింపక బాధపడువానినే చక్కదిద్ద బూనుట దయ వేసికొన్న క్రౌర్యము. అయినను, "వ్యవస్థ మాఱువఱకు ఏమి చేసియు లాభము లేదు" అను మిత్రులతోను నేను ఏకీభవింపను. వ్యవస్థ మాఱువఱకు ఆ బాలుడు ఇస్త్రీబండి ప్రక్కన ఎన్ని యేండ్లు కూర్చుండవలెను?

జింబాబ్వే దేశపు హరారే నగరమున డిక్సన్ చిబాండా అను మనోవైద్యుడు 2006 ప్రాంతమున నొక పని ఆరంభించెను. అచ్చట వైద్యులు మిక్కిలి తక్కువ. అవ్వలు మాత్రము పేటపేటకును కలరు. ఆ అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్యకేంద్రముల యావరణలో కొయ్యబల్లలు వేయించి, వచ్చినవారి మాట వినుటకు కూర్చుండబెట్టెను. వారు రోగముల పేరులు పలుకరు. షోనా భాషలో "కుఫుంగిసిస" అను మాట కలదు. అతిగా ఆలోచించుట యని యర్థము. ఆ మాటతోనే సంభాషణ సాగింతురు. ఆ బల్లపై కూర్చున్నవారి వ్యాధిలక్షణములు గణనీయముగ తగ్గినవని 2016లో ప్రకటితమైన పరీక్షలో తేలెను. చదివినపుడు నాకు మన వీధి అరుగులు జ్ఞప్తికి వచ్చినవి. మనకును "దిగులు", "బెంగ", "మనసు బాగులేదు" అను చక్కని మాటలుండగా పిల్లల ముందర పెద్ద పేరులు పలుకనేల? అయితే మన అరుగులపై అందఱును కూర్చుండ వీలు లేకుండెడిది. ఆడుపిల్లలకు అసలే లేదు. పాత అరుగును మరల కట్టుకొన్న చాలదు.

మా వీధివారము ఆ బాలుని సంగతి జరిగిన మఱుసటి సంవత్సరము చిన్న ప్రయత్నమొకటి చేసితిమి. మా పఠనాలయపు ప్రక్కగదిని శుభ్రపఱచి, "యువజన మనోవికాస కేంద్రము" అని అందముగ బోర్డు వ్రాయించి, శనివారపు సాయంకాలములందు ఇద్దఱము ముగ్గురము పెద్దలము కూర్చుంటిమి. రెండునెలలు కూర్చుంటిమి; ఈగ యైన వ్రాలలేదు. ఎట్లు వచ్చును? ఆ బోర్డుక్రింద అడుగుపెట్టినవాని సంగతి రాత్రికి వీధియంతయు పొక్కును. కళాశాలలో చదువుకొను ఒకమ్మాయి, మా మిత్రుని మేనకోడలు, మా అవస్థ చూచి నవ్వి, "బాబాయిగారూ, ముందు ఆ బోర్డు తీసేయండి, ఒక క్యారమ్స్ బల్ల వేయండి, మీరు కాస్త దూరంగా కూర్చోండి" అనెను. అట్లే చేసితిమి. పిల్లలు ఆటకు రాసాగిరి. ఆడుపిల్లల కొఱకు ఆమెయే, పొదుపుసంఘములో పనిచేయు నొక వితంతువును తోడు చేసికొని, ఆదివారపు ఉదయమున కుట్టుపని పేరిట కూడిక యేర్పఱచెను. నాకు ఆ కూడికలో ప్రవేశము లేదు. అచట ఏమి మాటలాడుకొందురో నేనడుగను. ఆ వితంతువు ఇద్దఱు పిల్లలను తానే వెంటబెట్టుకొని ప్రభుత్వాసుపత్రికి పోయెనని మాత్రము తెలియును. ఎవరి పిల్లలో తెలియదు.

ఆ సంఖ్యను వ్రాసిన గోడ యొకటి చూచితినని పైన చెప్పితిని. అది మా మిత్రుని యింటిది. ఇస్త్రీబండి రేకుపైనను 14416 అని సుద్దతో వ్రాసియుండును. వానకు చెఱిగినపుడెల్ల ఎవ్వరో మరల వ్రాయుదురు. మా మిత్రుని యింటిలో బట్టలు వేసి వచ్చుటకు పనివాడున్నాడు. అయినను ఆయన ఆదివారమునాడు తానే మూట పట్టుకొని బండియొద్దకు పోవును. బట్టలిచ్చిన పిమ్మటను కొంతసేపు అచటనే, ఆ రాతి ప్రక్కన, నిలిచియుండును. వారేమి మాటలాడుకొందురో ఇంతదూరమునుండి నాకు వినబడదు.